పదిహేడో చుక్క

నేను చేసే పని ఏమిటో మా అక్కకు ఒకసారి చూపించాను. తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో మా అద్దె ఇంటికి ఆదివారం పూట వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి ఆమె ముందు పెట్టాను. తెర నిండా చుక్కలు, చుక్కల మధ్య గీతలు, గీతల చివర బాణాలు. ఒక్కో చుక్క ఒక్కో బ్యాంకు అనీ, ఒక బ్యాంకు ఇంకో బ్యాంకుకు అప్పు ఇస్తే ఆ రెండింటి మధ్య బాణం గీస్తామనీ చెప్పాను. అక్క కళ్ళద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూసింది.

"జీతం ఇచ్చి నీ చేత ముగ్గులు ఏపిస్తా ఉండారా?" అంది.

నవ్వాను. ఆ మాట ఆఫీసులో నలుగురికీ చెప్పి వాళ్ళనూ నవ్వించాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు. ముగ్గులో తప్పు పడితే చేత్తో చెరిపి మళ్ళీ వేసుకోవచ్చు.

పని గురించి కొంచెం చెప్పాలి. బ్యాంకులు మన దగ్గర డిపాజిట్లు తీసుకుంటాయనీ, మనకు అప్పులు ఇస్తాయనీ అందరికీ తెలుసు. అవి తమలో తాము కూడా అప్పులు ఇచ్చుకుంటాయని చాలామందికి తెలియదు. ఒకదాంట్లో ఈ వారం డబ్బు మిగులుతుంది, ఇంకోదాంట్లో తగ్గుతుంది. మిగిలినది తగ్గినదానికి కొన్నాళ్ళకని ఇస్తుంది. పక్కింట్లో చక్కెర చేబదులు తెచ్చుకున్నట్టే. పెద్ద బ్యాంకుల సంగతి చూసేవాళ్ళు వేరే ఉన్నారు. మా ఆఫీసుకు అప్పగించింది మా జిల్లాలోని చిన్న సహకార బ్యాంకులు, సొసైటీల సంగతి. ఎవరు ఎవరికి ఇస్తున్నారు, ఎవరి మీద ఎవరు ఆధారపడి ఉన్నారు, ఒకటి కూలితే దాంతోపాటు ఏవేవి కూలతాయి అన్నది మేం తేల్చాలి. వివరాలు వారానికొకసారి వచ్చేవి. పేర్లు ఉండవు, నెంబర్లే. ఏ నెంబరు ఏ బ్యాంకో కనుక్కోననీ, తెలిసినా బయట చెప్పననీ చేరిన రోజే సంతకం పెట్టాను.

సంతకం పెట్టడానికి ఎంతసేపు! కానీ నేను ఈ తిరువళ్ళూరు జిల్లాలో పుట్టినవాణ్ణి. పళ్ళిపట్టులో చదువు మొదలుపెట్టి, తర్వాత రోజూ తిరుత్తణి బస్సులో వేలాడుతూ స్కూలుకు పోయినవాణ్ణి. పెరియపాళయం అమ్మవారి గుడికి ఆదివారం ఎంత జనం వస్తారో, మర్నాడు అక్కడి కొట్లవాళ్ళు ఎంత చిల్లర మోసుకొచ్చి బ్యాంకులో వేస్తారో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ప్రతి నెలా కృత్తిక మర్నాడు డబ్బుతో ఉబ్బే చుక్క ఒకటి కనిపించింది. కృత్తిక అంటే తిరుత్తణి కొండకు జనం కదిలే రోజు. తిరుత్తణిలో కొండ కింద కొట్లవాళ్ళ డబ్బంతా చేరే సొసైటీ ఒకటే. దాని నెంబరు పదిహేడు. వెతికి పట్టుకోలేదు, తెలిసిన మొహం గుంపులో కనబడినట్టు కనబడింది. నిజం చెప్పాలంటే గుర్తుపట్టినందుకు గర్వపడ్డాను కూడా.

మా పనిలో ఒక పరీక్ష ఉంది. ఏదో ఒక చుక్కను తీసేస్తాం. అంటే అది తన అప్పులు తీర్చలేకపోయింది అనుకుంటాం. దానికి అప్పు ఇచ్చినవాళ్ళకు డబ్బు రాదు. వాళ్ళలో సత్తువ లేనివాళ్ళు తమ అప్పులు తీర్చలేరు. అది అలా ఎంతదూరం పోతుందో కంప్యూటర్ లెక్క కట్టి, కూలిన చుక్కలను ఎర్రగా చూపిస్తుంది. తమిళుల పంగుని నెలలో, ఎండలు ముదరకముందు, ఒక్కో చుక్కనే తీసి చూశాను. అన్నిటికంటే పెద్దదాన్ని తీసేస్తే పక్కన రెండు ఎర్రబడి ఆగిపోయాయి. పదిహేడు తెరమీద ఆవగింజంత ఉంటుంది. దాన్ని తీసేస్తే ఎరుపు రెండు వైపులా పాకింది. తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు చుక్కలు ఒక గుంపు. తిరువళ్ళూరు, పెరియపాళయం వైపువి ఇంకో గుంపు. ఆ గుంపు నుంచి ఈ గుంపుకు డబ్బు పోయే దారి పదిహేడు ఒక్కటే. అటు అప్పు తెచ్చి ఇటు ఇచ్చేది; అది ఆగితే అటు బాకీ రాదు, ఇటు కొత్త అప్పు పుట్టదు. మళ్ళీ చేసి చూశాను. మళ్ళీ సగం తెర ఎర్రగా నా ముందు నిలబడింది.

రిపోర్టులో దాని మీద ఒక పేరా రాసి ఊరుకున్నాం. అది కూలితే ఏమవుతుందని చెప్పే పరీక్షే గాని, కూలుతుందని చెప్పే పరీక్ష కాదు కదా!

మా అక్క వేళ్ళ డబ్బు ఆ పదిహేడులోనే ఉంది.

అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. బావ పోయాక తిరువళ్ళూరు పక్క ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ మెషిన్ మీద పనికి చేరింది. రేకు పెట్టాలి, చెయ్యి తీయాలి, పెడల్ తొక్కాలి. రోజంతా అదే. పోయినేడు ఒక మధ్యాహ్నం చెయ్యి తీసేలోపు మెషిన్ దిగింది. ఎడమ చేతి చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. ఫ్యాక్టరీ ఇచ్చిన నష్టపరిహారాన్ని ఆమె ఏనాడూ ఆ మాటతో పిలవలేదు. "వేళ్ళ దుడ్డు" అనేది. మొదటిసారి ఆమె ఆ మాట అన్నప్పుడు నేను లేచి బయటికి పోయాను. తర్వాత అలవాటైపోయింది. అదీ అలవాటవుతుందని నేను అనుకోలేదు.

ఆ డబ్బంతా తీసుకుపోయి తిరుత్తణిలో తన వీధి చివర ఉన్న సొసైటీలో వేసింది. పేరులో బ్యాంకు అని ఉంది గాని, పెద్ద బ్యాంకుల డిపాజిట్లకు ఉండే బీమా దానికి లేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆమెకు తెలిసిందల్లా అక్కడ కుర్చీ వేసి కూర్చోబెడతారు, ఫారం వాళ్ళే నింపుతారు, వడ్డీ కాస్త ఎక్కువ అన్నదే. నెలనెలా ఆ వడ్డీతో ఇల్లు నడిపేది. అసలు తీసి ఆవణి నెలలో ఇడ్లీ పిండి కొట్టు పెట్టాలని ఆమె పథకం. చోటు చూసుకుంది. రెండు గ్రైండర్లకు బేరం కూడా ఆడేసింది. ఆ చేత్తో ఎట్లా చేస్తావక్కా అంటే, రుబ్బేది మెషిన్, అమ్మేది నోరు, చేతితో నాకేం పని అంది.

ఆవణి దాకా ఆగడం ఎందుకంటే, దాని ముందు నెల ఆడి, తెలుగువాళ్ళ ఆషాఢం లాంటిది. ఆడిలో మా వైపు ఎవరూ ఏదీ కొత్తగా మొదలుపెట్టరు. పెళ్ళి చెయ్యరు, ఇల్లు మారరు, కొట్టు తెరవరు, కొత్తగా అప్పు ఇవ్వరు. ఆ నెలంతా అమ్మవారిదే. మాది తెలుగు ఇల్లే. ఈ నేలకు వచ్చి ఎన్ని తరాలైందో లెక్క తెలియని ఇల్లు. అందుకని నెలలు తమిళంలో, తిట్లు తెలుగులో నడుస్తాయి. నన్ను తెలుగు బడిలో వేశారు, అక్కను తమిళ బడిలో వేశారు. ఆమె తెలుగులో ఎంత సేపైనా మాట్లాడుతుంది గాని ఒక్క అక్షరం చదవలేదు.

ఆడి పుట్టిన వారం వివరాలు వచ్చాయి. పదిహేడు దగ్గర కదలిక లేదు. దాని నుంచి బయటికి ఒక్క బాణం పోలేదు.

మా పని నడిపించే మేడం ఉత్తరాది నుంచి వచ్చిన మనిషి. ఇక్కడి భాష రాదు, ఇక్కడి నెలలు తెలియవు, అందుకని ప్రతిదానికీ ప్రశ్న వేస్తుంది. నా బల్ల దగ్గరికి వచ్చి తెరమీద ఆ చుక్కను పెన్నుతో తాకి, ఇది ఎందుకు మూగబోయింది అని అడిగింది. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఆఫీసులో అందరికంటే తక్కువ ఇంగ్లీషు మాట్లాడేవాణ్ణి నేను. అలాంటిది నాకు మాత్రమే తెలిసిన విషయం ఆమె నన్ను అడిగింది. ఆడి అంటే ఏమిటో, ఎందుకు ఎవరూ అప్పు ఇవ్వరో పావుగంట చెప్పాను. మిగతా చుక్కలు తగ్గాయి గాని పూర్తిగా ఆగలేదు కదా అంది. అది గుడి ఊరు మేడం, పట్టింపు ఎక్కువ అన్నాను. పోయినేడు ఆడిలోనూ ఇలాగే ఉందా అని అడిగింది.

పోయినేటి వివరాలు అదే కంప్యూటర్‌లో ఉన్నాయి. తెరిచి చూడటానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు నాకు చిన్నతనంగా తోచాయి. మా ఊరి ఆడి సంగతి నేను కంప్యూటర్‌ను అడిగి చెప్పాలా? ప్రతి ఏడూ ఇంతే అన్నాను. ఆమె తల ఊపి, ఆ చుక్క పక్కన ఇంగ్లీషులో రెండు మాటలు రాసుకుంది. స్థానిక ఆచారం అని.

ఆ ఆదివారమే అక్క వచ్చింది. సంచిలోంచి మునగాకు తీసి పేపర్ మీద పోసి, కాడలు తీస్తూ కూర్చుంది. కొండ కింద పూల కొట్టాయన సొసైటీలో డబ్బు అడిగితే రెండుసార్లు తిప్పి పంపారని వీధిలో అనుకుంటున్నారట. ఆమె దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు చెప్పలేదు. ఆకు గిల్లుతూనే అడిగింది.

"నీకు ఇయన్నీ తెలుస్తాయి గదా నాయనా. తీసేయాల్నా, ఆవణి దాకా ఉండనీయాల్నా? నువ్వు ఒక మాట చెప్పు, చాలు."

దానికి నిజాయితీ గల జవాబులు రెండున్నాయి. సంతకం పెట్టాను, చెప్పకూడదు అన్నది ఒకటి. నాకు తెలియదు అన్నది ఇంకొకటి. రెండూ నా నోటికి రాలేదు. అక్క దగ్గర తెలియదు అనడానికా నేను ఇంత చదివింది?

"ఏం కాదక్కా. ఆడి గదా, అందురూ చెయ్యి బిగిస్తారు. ఆవణిలో తీసుకో," అన్నాను.

ఆమె మొహం తేటపడింది. మునగాకు పని అయ్యాక వరండాలోకి పోయి ఎవరికో ఫోన్ చేసింది. "నా తమ్ముడు చూసి చెప్పినాడు, ఏం కాదంట," అనడం లోపలికి వినిపించింది. ఎవరితో మాట్లాడిందని నేను అడగలేదు. నా మాటకు ఇంత విలువ ఉందా అని మురిసిపోయి, స్నానానికి పోయాను.

తర్వాత రెండు వారాల వివరాల్లోనూ పదిహేడు అలాగే ఉంది. నేను దాన్ని చూడటం కూడా మానేశాను. ఎందుకో తెలిసిపోయిందనుకున్నదాన్ని ఎవరు చూస్తారు?

ఆడి కృత్తికకు తిరుత్తణి పోయాను. స్టేషన్ నుంచి కొండ దాకా పసుపు బట్టలు, కావళ్ళు, మేళాలు. అక్క ఇంటికి చేరేసరికి చొక్కా తడిసిపోయింది. ఆమె పొంగలి గిన్నె నా చేతిలో పెట్టి, గూట్లోంచి మడిచిన నోట్లు తీసి, ఎదురింటామెను గుమ్మంలోకి పిలిచి ఇచ్చింది. చేతికి కట్లు కట్టించుకునే రోజుల్లో ఆమె దగ్గర తీసుకున్న బదులు అట. ఎదురింటామె లెక్క పెట్టుకుని పోయింది. అక్కను ఆటపట్టించాలనిపించింది. ఆడిలో దుడ్డు ఇస్తా ఉండావే, అమ్మోరు ఊరుకుంటుందా అన్నాను.

"ఆడిలో అడ్డం ఇచ్చేదానికి. తీర్చేదానికి యాడుంది అడ్డం?" అంది అక్క. "బాకీ పెట్టుకోని అమ్మోరి ముందర ఎట్ల నిలబడేది?"

ఆమె మామూలుగానే అంది. అని, పొంగలిలో ఇంకొంచెం నెయ్యి వేసింది. నేను గిన్నె కింద పెట్టాను.

నేను గీసే బాణాలు రెండు రకాలు. కొత్తగా ఇచ్చే అప్పు ఒకటి, పాత అప్పు తిరిగి కట్టడం ఇంకొకటి. ఆచారం ఆపేది మొదటిదాన్నే. నెల మొదటి వారం నుంచి పదిహేడు దగ్గర రెండూ ఆగిపోయాయి. అది నాకు కనబడుతూనే ఉంది. బయటికి ఒక్క బాణం లేదని నేనే గదా చూశాను! చూసి, ఆచారం అని పేరు పెట్టాను. ఈ ఊళ్ళో పుట్టని వాడెవడైనా ఆ తప్పు చేసి ఉండడు. వాడికి ఆడి అంటే తెలియదు గనక వెతికి ఉండేవాడు. వీధిలో కావళ్ళు పోతూనే ఉన్నాయి, మేళం చెవులు చిల్లులు పడేట్టు మోగుతోంది. అక్క ఏమైందిరా అని అడిగింది. ఎండ అన్నాను.

మర్నాడు అందరికంటే ముందు ఆఫీసుకు పోయి పోయినేటి ఆడి తెరిచాను. కొత్త అప్పులు లేవు, నిజమే. పాత అప్పులు మాత్రం మిగతా నెలల కంటే ఎక్కువగా తీర్చింది పదిహేడు. అక్క చెప్పినట్టే, అమ్మోరి ముందు నిలబడటానికి. ఈ ఆడిలో ఒక్కటీ తీర్చలేదు. దానికి ఇచ్చినవాళ్ళంతా గడువు వారం వారం పొడిగిస్తూ పోయారు. ఎవరూ గట్టిగా అడిగిన జాడ లేదు. వాళ్ళూ ఈ జిల్లావాళ్ళే. ఆడి గదా, పోనీలే అనుకుని ఉంటారు. ఆ వారం అంకెలతో పరీక్ష మళ్ళీ నడిపాను. పంగునిలో చూసిన ఎరుపే. అప్పుడు అది కూలితే అనుకుని చేశాను. ఈసారి అనుకోవడానికి ఏమీ లేదు.

మేడంకు అంతా చెప్పాను. ఆమె గట్టిగా మాట్లాడలేదు. తన కాగితం తీసి, స్థానిక ఆచారం అన్న రెండు మాటల మీదా గీత కొట్టింది. నేను అడిగిన రోజు నువ్వు పోయినేటిది చూశావా అని మాత్రం అడిగింది. లేదు అన్నాను. పైవాళ్ళకు రాయడానికి కూర్చుంటూ ఒక్కటి హెచ్చరించింది. ఈ మాట బయటికి పొక్కితే జనం సొసైటీ ముందు బారులు తీరతారు, నిలబెట్టగలిగింది కూడా కూలిపోతుంది, అప్పుడు ఎవరికీ ఏమీ దక్కదు. అధికారులు వచ్చేదాకా ఇక్కడివాళ్ళెవరూ నోరు విప్పకూడదు. ఆమె చెప్పింది సరైన మాట. అందులో తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ ఏమీ కనబడదు.

మూడు రోజులు నోరు మూసుకున్నాను. ఆఫీసుకు పోయే రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్ళ చేతుల్ని చూసేవాణ్ణి. ఐదేసి వేళ్ళు, పదేసి వేళ్ళు. గురువారం సాయంత్రం తిరువళ్ళూరు స్టేషన్‌లో దిగి, ప్లాట్‌ఫారం చివరికి నడిచి అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, రేపు పొద్దన్నే పోయి దుడ్డంతా తీసేయి. ఎందుకని అడగొద్దు. ఎవురికీ చెప్పొద్దు."

"ఎవురికీనా?" అంది.

"ఎవురికీ."

"సరి," అంది.

మర్నాడు ఆడిలో చివరి శుక్రవారం. అక్క సొసైటీ తెరిచేసరికే గుమ్మంలో ఉంది. లోపల కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు. ఇంత పెద్ద మొత్తం, అందులోనూ ఆడి శుక్రవారం, లక్ష్మిని బయటికి పంపేది బాగుంటుందామ్మా, రేపు పొద్దున్న రండి, కట్టలు కట్టి సిద్ధంగా పెడతాం అన్నారట. బయటికి వచ్చి నాకు ఫోన్ చేసింది. వాళ్ళు చెప్పేదీ న్యాయమే గదరా అంది. మా అమ్మ శుక్రవారం చేబదులు ఇచ్చిన పాపాన పోలేదని గుర్తు చేసింది.

ఆచారం పేరుతో ఒకసారి మోసపోయినవాణ్ణి నేను. లోపలికి పో, ఇచ్చేదాకా లేవొద్దు అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆమె అక్కడ గొడవ పడితే పదిమంది చేరతారు, ఎవరు చెప్పారని అడుగుతారు, నా పేరు బయటికి వస్తుంది, నా ఉద్యోగం పోతుంది. ఈ నాలుగూ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగాయి. భయపడ్డాను, అంతే. రేపు పొద్దున్నే పో అక్కా అన్నాను.

శనివారం పొద్దున షట్టర్ దించి ఉంది. తాత్కాలికంగా మూసి ఉంచడమైనది అని తమిళంలో కాగితం అంటించారు. ఆ కాగితం ఫోటో తీసి అక్క నాకు పంపింది.

తర్వాత పది రోజుల్లో పళ్ళిపట్టు వైపు రెండు, పెరియపాళయం వైపు ఒకటి డబ్బు ఇవ్వడం ఆపేశాయి. తెరమీద నేను చూసిన దారిలోనే పోయింది, కాస్త నిదానంగా. అధికారులు వచ్చారు, రికార్డులు పట్టుకుపోయారు. కొంత వస్తుందంటున్నారు. ఎంత అన్నదీ ఎప్పుడన్నదీ ఎవరూ చెప్పరు. అక్క చూసుకున్న చోట ఆవణి రెండో వారంలో సెల్‌ఫోన్ రిపేరు కొట్టు తెరిచారు.

అక్క మళ్ళీ ఫోన్ చేసి, ఆదివారం రమ్మంది. వాళ్ళు నిన్ను చూడాలంటా ఉండారు అంది. ఎవరు అని అడిగాను. అప్పుడు చెప్పింది. ఫ్యాక్టరీలో ఆమె పక్క మెషిన్ల మీద పనిచేసిన ఆడవాళ్ళు నలుగురు. అక్కను చూసి వాళ్ళూ అదే సొసైటీలో వేశారు. ఒకామెది పని మానేసినప్పుడు వచ్చిన పీఎఫ్, ఒకామెది మొగుడు పోయినప్పుడు వచ్చింది, మిగతా ఇద్దరివీ ఓవర్‌టైం చేసి దాచుకున్నవి. పూల కొట్టాయన సంగతి విని ఆడిలోనే తీసేద్దామనుకున్నారు. నా తమ్ముడిని అడిగి చెప్తాను, ఆగండి అంది అక్క. వరండాలోంచి ఆమె ఫోన్ చేసింది వాళ్ళకే. గురువారం నేను ఎవరికీ చెప్పొద్దన్నప్పుడు ఆమె అడిగింది వాళ్ళ గురించే. నా మాట మీద నిలబడి, శుక్రవారం ఆమె ఒక్కతే పోయింది.

ఆదివారం తిరుత్తణి రైల్లో కూర్చుని, నోట్‌బుక్‌లో ఒక చుక్క పెట్టాను. అది నేను. నా నుంచి అక్కకు ఒక బాణం. అక్క నుంచి నాలుగు బాణాలు. చేతులు అలవాటు కొద్దీ పరీక్ష చేశాయి. అక్కను తీసేస్తే, అంటే ఆమె వాళ్ళకు ఫోన్ చెయ్యకపోయుంటే, ఆ నలుగురు మిగులుతారు, అక్క మునుగుతుంది. నన్ను తీసేస్తే ఒక్కరూ మునగరు. ఐదుగురూ ఆడి మొదట్లోనే తమ డబ్బు తాము తీసుకుని ఇళ్ళకు పోయి ఉండేవాళ్ళు. ఆ పేజీ చించి కిటికీలోంచి పారేశాను. ఇదంతా నేను తెలుగులో రాస్తున్నది కూడా అక్క గాని ఆ నలుగురు గాని చదవలేరన్న ధైర్యంతోనే. ఆ మాట దాచి లాభం లేదు.

తిట్టించుకోవడానికి సిద్ధపడే పోయాను. ఇంకా చెప్పాలంటే, తిడితే బాగుండునని పోయాను. అక్క ఇంట్లో ముందుగదిలో చాప మీద నలుగురూ కూర్చుని ఉన్నారు. నేను రాగానే లేవబోయారు. నాకు కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. ఎవరి గొంతులోనూ కోపం లేదు. సొసైటీవాళ్ళను తిట్టారు, షట్టర్ మీద కాగితాన్ని తిట్టారు. ఆడిలో నేను చెప్పిన మాట ఎవరూ ఎత్తలేదు. అది వాళ్ళకు లెక్కలోకే రానట్టుంది. షట్టర్ పడ్డాక అక్క వాళ్ళకు గురువారం ఫోన్ సంగతి చెప్పేసిందట. ఊరంతటికీ శనివారం తెలిసింది, ఈ అబ్బోడికి గురువారమే తెలిసింది. వాళ్ళ మనసులో నిలిచిపోయింది అదొక్కటే.

వాళ్ళలో పెద్దామె, పీఎఫ్ డబ్బు పోయినామె, చీర కొంగులోంచి బ్యాంకు పాస్‌బుక్ ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టింది.

"ఇంగా కొంచెం ఉండాది నాయనా. అందురికీ తలా కొంచెం ఉండాది. దాన్ని యాడ పెట్టమంటావు?"

అక్కతో సహా ఐదుగురూ నావైపు చూస్తున్నారు. ఆడి నెలలో ఆ ఆదివారం నేను చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్పాను. చాలా స్పష్టంగా చెప్పాను.

"నాకు తెలీదు."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నమ్మలేదు. పెద్దామె పాస్‌బుక్ వెనక్కి తీసుకోలేదు. అక్క లేచి వచ్చి, మూడు వేళ్ళ చేతిని నా భుజం మీద వేసి, వాళ్ళకు ధైర్యం చెప్పింది.

"రేపు ఆఫీసులో చూసి చెప్తాడులే."